మీ స్టాపులో బస్సుల లెక్క ఎలా రాయాలి?

కర్నూలులో ఏ కాలనీ వాళ్లు రాసినా బస్సు అర్జీ ఒకే తీరుగా ఉంటుంది. "మా కాలనీకి బస్సులు చాలడం లేదు, పెంచగలరు" అని ఒక ముక్క, కింద రెండొందల సంతకాలు. దాన్ని పట్టుకుని డిపో మేనేజరు ఏం చేయాలి? సంతకాలు మానేసి నిమిషాలు తీసుకెళ్లండి.

రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు, చేతి గడియారం, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. ఫోన్‌లో రాయొద్దు, మన ఎండకు స్క్రీను కనపడదు. బడులు నడిచే మంగళ, బుధవారాలు ఎంచుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు, పల్లెల జనం ఊళ్లోకి వస్తారు. పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 4.30 నుంచి 6.30 నిలబడండి. మధ్యాహ్నం లెక్కను నేను లెక్కే అనను. రాజ్‌విహార్ సెంటరు వైపు పోయే బస్సులకు ఒక పేజీ, అక్కడి నుంచి వచ్చేవాటికి ఇంకో పేజీ.

తోడు వచ్చిన మనిషి తలలు లెక్కపెట్టాలి. విసుగొచ్చి షేర్ ఆటో ఎక్కినవాళ్లనూ వదలొద్దు. "యాడికి పోతావక్కా?" అని అడిగి సర్వజన ఆసుపత్రి, సి క్యాంపు, కొత్త బస్టాండు అని గడులు పెట్టి గీతలు గీయాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితమైనా సున్నా టికెట్టు కొడతారు కాబట్టి ఎక్కినవాళ్ల లెక్క కండక్టరు మెషీన్‌లో ఎటూ ఉంటుంది. చూసి చూసి ఆటోలో పోయినవాళ్ల లెక్క మాత్రం మీ నోటుబుక్కులోనే ఉంటుంది.

ఇక అందరూ పాడుచేసే పని, బస్సు కదిలిన నిమిషం రాయడం. వచ్చినది కాదు, కదిలినది. 8.07 అయితే 8.07 అనే రాయండి. "సుమారు 8.05" అని రాసేవాళ్లను నేను మళ్లీ తోడు తీసుకెళ్లను. ఆపకుండా పోయిన బస్సునూ రాసి పక్కన "ఆగలేదు" అనండి, దాన్ని లెక్కలో కలపకండి. టీ తాగడానికి ఒక్క నిమిషం పక్కకు పోయినా ఆ గంట లెక్క కొట్టేసి మర్నాడు మళ్లీ నిలబడండి.

ఇంత చాదస్తం ఎందుకంటే, గంటకు ఎన్ని బస్సులన్నది కాదు, వాటి మధ్య ఎడమెంతన్నదే అసలు సంగతి. 8 గంటలకు ఒక బస్సు పోయింది. తర్వాత 8.05, 8.10, 8.15, ఆపైన 9.00. గంటలో నాలుగు బస్సులు. కాగితం మీద పావుగంటకొకటి, సగటున ఏడున్నర నిమిషాలు నిలబడితే చాలు. కానీ నిమిషానికొకరు స్టాపుకు వస్తున్నారనుకోండి, అరవై మందిలో 45 మంది ఆ ముప్పావుగంట ఎడంలోనే వస్తారు. ఎడం ఎన్ని నిమిషాలైతే అంతమంది వస్తారు, సగటున అందులో సగంసేపు నిలబడతారు. అందుకే ఒక్కో ఎడాన్ని దానితోనే గుణించి అన్నీ కూడండి: 25, 25, 25, 2025, మొత్తం 2100. దాన్ని 60కి రెట్టింపైన 120తో భాగిస్తే 17.5. మనిషి నిజంగా నిలబడేది పదిహేడున్నర నిమిషాలు. మీరు ఐదేసి నిమిషాలకు సవరించి రాస్తే ఈ లెక్క నిలవదు.

ఇంకో నష్టం కూడా ఉంది. చాలాసేపటికి వచ్చిన బస్సు కిక్కిరిసిపోతుంది, దాని తోకపట్టుకుని వచ్చేవి ఖాళీగా తిరుగుతాయి. ఖాళీ ట్రిప్పులకు ఓఆర్, అంటే సీట్లు నిండే శాతం, పడిపోతుంది, తర్వాత కోత పడేదీ వాటికే. ఒకసారి మా పెద్దమనుషులు నా మాట వినకుండా కొత్త బస్సే అడిగారు. వచ్చింది, పాతదాని వెనకాలే మూడు నిమిషాల తేడాతో!

కాబట్టి ముందు కొత్త బస్సు అడగకండి, ఉన్నవాటిని సర్దమనండి. బస్సులు అవే, ట్రిప్పులూ అవే, డీజిల్ ఖర్చు పెరగదు. డిపో మేనేజరు ఫోన్‌లో జనం మాట వినే "డయల్ యువర్ డీఎం" రోజున చెప్పి, తర్వాత కాగితం చేతికివ్వండి. ఒక్క పేజీ. పైన రెండు రోజుల నిమిషాలు, కింద ఒకే వాక్యం: "8.05, 8.10, 8.15 బస్సులను 8.15, 8.30, 8.45కి జరపండి." సంతకం ఒక్కటి చాలు, లెక్క రాసినవాళ్లది.