టెక్‌టైట్ చేతిలో పడితే ఎలా చూడాలి?

నల్లటి టెక్‌టైట్ (ఉల్క దెబ్బకి పుట్టిన సహజమైన గాజు ముక్క) కొన్నారా? రెండుసార్లు చూడండి, ఒకసారి ఆకారం కోసం, ఇంకోసారి పైనున్న గుంటలు, గాట్ల కోసం. ఈ రెండూ వేర్వేరు కాలాల్లో వచ్చినవి, చాలామంది పొరబడేది ఇక్కడే.

ముందు ఆకారం. పెద్ద ఉల్క నేలను గుద్దినప్పుడు అక్కడి మట్టీ రాయీ కరిగి పైకి చిమ్ముతాయి, ఆ గాజు ముద్దలు గాల్లో గిరగిరా తిరుగుతూనే గట్టిపడతాయి. పెద్దగా తిరగనిది గుండులా ఉంటుంది, జోరుగా తిరిగింది పళ్లెంలా పరుచుకుంటుంది లేదా నడుము సన్నబడి డంబెల్ అవుతుంది, ఆ నడుము తెగితే రెండు నీటిబొట్లు. థాయ్‌లాండ్, వియత్నాం వైపు దొరికే ఇండోచైనైట్లలో ఇవన్నీ కనిపిస్తాయి, వయసు సుమారు 7 లక్షల 90 వేల ఏళ్లు. అదే దెబ్బకి ఆస్ట్రేలియా దాకా ఎగిరిపడ్డ వాటిలో కొన్ని అచ్చం చొక్కా గుండీలే! గట్టిపడ్డాక మళ్లీ వాతావరణంలోకి వేగంగా దిగేటప్పుడు ముందువైపు కరిగి, ఆ గాజు వెనక్కి జారి చుట్టూ అంచు కట్టింది. 1960ల్లో నాసాలో డీన్ చాప్‌మన్ అనే ఇంజినీర్ వేడి గాలి జోరులో గాజును పెట్టి ఇలాంటి గుండీలే తయారుచేసి చూపించాడు. లావోస్‌లోని ముయాంగ్ నాంగ్ పేరుతో పిలిచే రకానికి మాత్రం ఇలాంటి సోకులేం లేవు, పొరలు పొరలుగా ఉన్న గడ్డలు, అంతే. ఆకారం లేదని పక్కన పడేయకండి.

ఇక గుంటలు. అవన్నీ బుడగలు పేలిన గుర్తులని అమ్మేవాళ్లు చెబుతుంటారు, కొన్ని నిజంగా అవే, కానీ ఎక్కువ భాగం తర్వాత తడి నేలలో లక్షల ఏళ్లు పడి ఉన్నప్పుడు గాజు కొద్దికొద్దిగా కరగడం వల్ల వచ్చినవి. పాత టూత్‌బ్రష్‌తో మామూలు నీళ్లలో కడిగి, గదిలో లైట్లు తీసేసి, టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేయండి, నిటారుగా వేస్తే ఏమీ తెలీదు. యాసిడ్ జోలికి అస్సలు పోవద్దు.

ఆకుపచ్చగా ఉండే, చెక్ దేశంలో దొరికే మోల్డవైట్ అనే టెక్‌టైట్ అయితే (జర్మనీలోని రీస్ ఉల్కా బిలం నుంచి ఎగిరింది, దాదాపు కోటీ 48 లక్షల ఏళ్ల కిందట) వెలుతురుకి ఎదురుగా పట్టుకుని 10 రెట్లు పెద్దది చేసే భూతద్దంతో లోపలికి చూడండి. మెలికలు తిరిగిన చారలు, సాగిన బుడగలు, సన్నని తీగల్లాంటి సిలికా గాజు కనిపించాలి. లోపల ఇవేవీ లేకుండా, పైన ఇప్పుడే నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటే నాకైతే సీసా పెంకు మీదే అనుమానం. అమ్మే మనిషి దగ్గర అవే గుంటలతో ఇంకో ముక్క కూడా ఉంటే ఇక భూతద్దం తీయక్కర్లేదు, అచ్చులో పోసిందే.