ఎండలు ముదరకముందే డే కేర్‌కు వచ్చే మానసిక రోగుల ఇళ్లలో చూసుకోవాల్సినవి

యాసంగి కోతలు కాగానే కొడుకో తమ్ముడో మేస్త్రీ పనికి హైదరాబాద్ పోతాడు. మానసిక రోగులు పగటిపూట వచ్చే డే కేర్ కేంద్రానికి రోగి వెంట తోడొచ్చేది అతనే. వారానికి ఐదు రోజులు వచ్చే రోగి రెండు రోజులకు పడిపోతాడు, ఆ తర్వాత రానే రాడు. "గోలీలు మానేసిండు" అని రోగినే అంటారు గానీ, చాలా ఇళ్లల్లో ముందు మానింది తోడొచ్చే మనిషి.

అందుకే మార్చిలోనే రెండో మనిషిని కుదుర్చుకోండి. తల్లి వస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, ఆధార్ వెంట ఉంటే చాలు. కొడుక్కి మాత్రం రానుపోను ఛార్జీ తప్పదు. రోజూ కుదరకపోతే ఏ రెండు రోజులు వస్తారో డే కేర్‌లో ముందే చెప్పి రాయించుకోండి. నెల సూది వేయించుకునేవాళ్లు ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద చుట్టి పెట్టండి. ఊరు మారేవాళ్లు ఓపీ చీటీ ఫోటో ఫోన్లో ఉంచుకుని, కనీసం నెలకు సరిపడా గోలీలు తీసుకుని పోవాలి. రేకుల ఇంట్లో గోలీలను దూలం మీదనో రేకు కిందనో పెట్టకండి, నీడపట్టున ఉంచండి.

మూడ్ హెచ్చుతగ్గులను అదుపులో ఉంచే లిథియం గోలీ వాడేవాళ్ల సంగతి వేరు. చెమటతో ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. రోజూ వేసుకునే డోసే విషమవుతుంది. ఎండలకు ముందే రక్తంలో లిథియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దుటి గోలీ ఆ తర్వాతే. బీపీ అనో మరొకటనో కూరలో ఉప్పు ఒక్కసారి తగ్గించొద్దు. ఒళ్లు నొప్పులని ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రోఫెన్ గోలీ కూడా లిథియంను పెంచుతాయి. పారాసిటమాల్ చాలు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేంతగా చేతులు వణికినా, వాంతులు విరేచనాలైనా, మాట తడబడినా, నడక తూలినా తర్వాతి డోసు ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. తగ్గుతుందేమో చూద్దామనుకోవద్దు.

చేతుల వణుకు తగ్గడానికిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌తో చెమట సరిగా పట్టదు. ఒలాంజపైన్, క్లోజపైన్ వంటి మానసిక జబ్బు గోలీలు కూడా ఒంటి వేడిని అదుపు తప్పిస్తాయి. ఇంట్లో పైసలకు ఇబ్బందై రోగిని ఉపాధి పనికి పంపితే పొద్దున పది లోపే ఇంటికి రావాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపండి, సగం సగం కాదు. చర్మం కాలిపోతూ, మాట పొంతన లేకుండా ఉంటే "మళ్లీ పిచ్చి లేసింది" అనుకునే ప్రమాదముంది. అది వడదెబ్బ కావచ్చు. తడిగుడ్డ కప్పి గాలి ఆడనిచ్చి, 108కి ఫోన్ చేయండి.

కల్లు గురించి ఇళ్లల్లో దాస్తారు గానీ, దాచొద్దు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటైన మనిషి పట్నం పోయి ఒక్కసారిగా మానేస్తే, రెండు మూడు రోజుల్లో నిద్రపట్టకపోవడం, వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌కు ముందే చెబితే మెల్లగా తగ్గించే మందు రాస్తారు.

వికలాంగుల పింఛను ఉంటే, కార్డు ఎవరి దగ్గరుందో వలస పోకముందే తేల్చుకోండి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.