మోడెమ్ మీద జవాబు కొట్టినా గడువు దాటిపోతుంటే: నా అనుభవం

కళ్యాణదుర్గం దగ్గర మా తోటలో మోటారు నడిపే లినక్స్ పెట్టె (చిన్న కంప్యూటర్) ఉంది, ఫోన్ లైను మీద మాట్లాడే మోడెమ్ దానికి తగిలించాను. అనంతపురం నుంచి డయల్ చేస్తే బ్యాష్ స్క్రిప్ట్ (నేను రాసుకున్న కమాండ్ల ఫైలు) "మోటారు వేయాలా?" అని అడిగి జవాబు కోసం 30 సెకన్లు ఆగుతుంది, అదే గడువు. తోటలో కీబోర్డు మీద బాగానే నడిచేది. మోడెమ్ మీద మాత్రం వై (y, అవును) కొట్టి ఎంటర్ నొక్కినా గడువు దాటిపోయేది. రాత్రి కరెంటు వచ్చే వేళకు బండి తీసుకుని పోవాల్సి వచ్చేది, చెట్లు ఎండుతాయని ఒకటే టెన్షన్.

గడువు 60కి పెంచాను, మోడెమ్ వేగం తగ్గించాను, కేబుల్, మోడెమ్ మార్చాను, లాభం లేదు.

చివరికి తెరను సరిగ్గా చూశాను. ఎంటర్ నొక్కినప్పుడల్లా వై పక్కన టోపీ గుర్తు, దాని వెనక ఎమ్ (^M) పడుతున్నాయి. అంటే వస్తున్నది క్యారేజ్ రిటర్న్, ఎంటర్ కీ పంపే గుర్తు. జవాబు చదివే రీడ్ కమాండ్ ఎదురుచూసేదేమో న్యూలైన్ కోసం, అంటే లైను ముగిసిందని చెప్పే వేరే గుర్తు కోసం.

స్క్రిప్ట్ మొదట్లోనే "ఎస్‌టీటీవై ఐసీఆర్ఎన్ఎల్" (stty icrnl) అనే కమాండ్ పెట్టాను. వచ్చిన రిటర్న్‌ను అది న్యూలైన్‌గా మారుస్తుంది. అసలు పని చేసింది ఇదే. తర్వాత, ప్రశ్నకు ముందు 0.1 సెకను గడువుతో రీడ్‌ను లూపులో తిప్పి, అంతకుముందు కొట్టిన పాత లైన్లను పారబోశాను. ఆ తర్వాతే ప్రశ్న, 30 సెకన్ల రీడ్. వెంటనే దాని ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే ఫలితపు అంకె) చూస్తాను: 128 దాటితే గడువు ముగిసినట్టే, మోటారును కదిలించను.

నేను మోడెమ్ తగిలించిన పోర్టును నేరుగా స్క్రిప్ట్‌కే కలిపాను. గెట్టీ (లైను మీద లాగిన్ అడిగే ప్రోగ్రామ్) ద్వారా లాగిన్ అయ్యేవాళ్లకు మామూలుగా ఈ మార్పిడి అదే చేసేస్తుంది, కాబట్టి మీ సమస్య వేరే కావచ్చు. ముందు ఆ టోపీ గుర్తు పడుతోందేమో చూడండి.