కలుపును చదవడం – 3వ పాఠం: మందు కొట్టాక మిగిలినవి

పోయిన పాఠంలో మొలక దశలోనే కలుపును గుర్తుపట్టడం చూశాం. ఈసారి, మందుకు చావని మొక్కల్ని చూసి ఏం జరిగిందో తేల్చుకోవడం నేర్చుకుందాం.

"కలుపు మందుకు అలవాటు పడిపోయింది" అంటుంటారు. అలవాటేం కాదు. అసంఖ్యాకమైన మొక్కల్లో ఏ కొన్నింటికో పుట్టుకతోనే తట్టుకునే గుణం ఉంటుంది. మిగతావన్నీ చస్తే గింజ రాల్చేవి అవే. ఏటా అదే మందు కొడితే కొన్నేళ్లకు చేనంతా వాటి సంతానమే.

చేత్తో తీసినా ఇదే కథ. వరిలో తేడాగా కనిపించిన ఊద అనే గడ్డి కలుపునల్లా పీకేస్తూ వస్తే, వరిలాగే నిటారుగా పెరిగేవి తప్పించుకున్నాయి. అలా వరిని అచ్చుగుద్దినట్టుండే ఊద రకమే తయారైంది. ఆకు కాండాన్ని కలిసే చోట చూడండి: వరికి పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు.

అమెరికా పత్తి చేలలో పామర్ అమరాంత్ అనే తోటకూర జాతి కలుపుది ఇంకో ఎత్తు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు, మొక్కకు అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుని మొక్కను చంపుతుంది. మందుకు లొంగని కొన్ని మొక్కల్లో ఆ ఎంజైమును తయారుచేసే జన్యువుకు 100కు పైగా నకళ్లు కనిపించాయి. మందు కొంత ఎంజైమును ఆపినా, మొక్క బతకడానికి సరిపడా మిగులుతోంది.

ఇక మీ పని. పిచికారీ చేసిన రెండు మూడు వారాలకు చేనులోకి వెళ్లండి. మిగిలినవి వరుసగా, అన్ని రకాలూ కలిసి ఉంటే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోయి ఉంటుంది. అన్నీ చిన్న మొలకలైతే తర్వాత మొలిచినవే, కంగారొద్దు. ముదిరినవే మిగిలితే మందు ఆలస్యమైనట్టు. మిగతా రకాలు చచ్చి ఒకే రకం బతికితే, అందులోనూ మాడిన మొక్క పక్కనే అదే రకం పచ్చగా నిలబడితే, అప్పుడు మందుకు లొంగని రకమేమోనని అనుమానించాలి.

ఇక్కడ చాలామంది డోసు పెంచేస్తారు. దండగ. ఇంకో కంపెనీ డబ్బా కొన్నా అంతే, టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, అదే అయితే. వేరే పేరైనా మొక్క మీద పనిచేసే తీరు ఒకటే కావచ్చు, అదీ కనుక్కోండి.

ఈ వారం అభ్యాసం: చేను బొమ్మ గీసి, అనుమానం ఉన్న మచ్చల్ని గుర్తించండి. పూత రాకముందే ఆ మొక్కల్ని పీకి బయటపడేయండి. నాలుగైదు మాత్రం వదిలి, గింజ ముదిరాక, రాలకముందే కోసి కాగితం కవర్లో దాచండి. వచ్చే పాఠంలో వాటిని కుండీల్లో మొలిపించి, మందుతో పరీక్షిద్దాం.