ఫుడ్ కోర్టులో చైనీస్ ఎలా తినాలి? ముందు ఆ కలపడం ఆపండి

ఆదివారం సాయంత్రం రాజమండ్రిలోనో కాకినాడలోనో మాల్‌కి వెళ్లి పై అంతస్తులో కాసేపు కూర్చోండి, నేను చెప్పేది మీకే కనిపిస్తుంది. ఫ్రైడ్ రైస్, మంచూరియా తెచ్చుకుంటారు. గ్రేవీ గిన్నె మొత్తం అన్నం మీద బోర్లిస్తారు. ఇంట్లో ముద్దపప్పు కలిపినట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి కలిపేస్తారు. నాలుగు స్పూన్లు తిన్నాక, "ఏముందండీ ఇందులో, మన సెంటర్లో బండి మీదే నయం" అని పెదవి విరుస్తారు. బండి నయమే అయ్యుండొచ్చు, కాదనను. కానీ ఆ అన్నాన్ని పాడు చేసింది మాస్టర్ కాదు, మీ చెయ్యి.

ముందు చోటు, తర్వాత కార్డు

ఒకళ్లు వెళ్లి టేబుల్ పట్టుకోండి, ఒకళ్లు లైన్లో నిలబడండి. అందరూ కలిసి కౌంటర్ దగ్గర గుమిగూడితే చేతిలో వేడి ట్రే పెట్టుకుని కుర్చీ కోసం తిరగాలి, ఈలోగా నూడుల్స్ అతుక్కుపోతాయి. కార్డులో డబ్బులు వేయించుకునే పద్ధతి ఉన్న చోట తినేదానికి సరిపడా మాత్రమే వేయించండి. టిష్యూలు ముందే నాలుగు తెచ్చి పెట్టుకోండి.

వెళ్లే టైం ఆరు, ఆరున్నర. ఎనిమిదింటికి వెళ్లొద్దు. జనం ఎక్కువైతే మాస్టర్ నాలుగైదు ప్లేట్ల అన్నం ఒకే కడాయిలో వేస్తాడు, తప్పు అతనిది కాదు, ఎదురుగా స్లిప్పులు అలా వేలాడుతుంటాయి మరి. అంత అన్నం ఒక్కసారి పడితే కడాయి వేడి పడిపోతుంది. అన్నం వేగదు, తన ఆవిరిలో తనే మగ్గుతుంది. ఫ్రైడ్ రైస్‌కి ఉండాల్సిన ఆ కాస్త మాడు వాసన పెద్ద మంట మీద, కొంచెం అన్నంతోనే వస్తుంది. బండి మీద బాగుంటుంది అనేది కూడా ఇందుకే, అక్కడ మన కళ్ల ముందు ఒకటీ రెండూ ప్లేట్లే వేస్తాడు.

ఆర్డర్

ఇద్దరికి ఒక ఫ్రైడ్ రైస్, ఒక నూడుల్స్, ఒక మంచూరియా చాలు. మనిషికో ప్లేటు చెప్పకండి. మంచూరియా డ్రై చెప్పండి. గ్రేవీయే కావాలంటే "గ్రేవీ వేరే గిన్నెలో ఇవ్వండి" అని డబ్బులు కట్టేటప్పుడే చెప్పండి, ప్లేటు వచ్చాక చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. కాంబో జోలికి పోవద్దు. అందులో అన్నం పక్కనే గ్రేవీ పోసి ఇస్తారు, అంటే సగం కలపడం వాళ్లే చేసి పెట్టినట్టు.

రొయ్యల ఫ్రైడ్ రైస్ మాత్రం చెప్పకండి. భీమవరం చుట్టూ అన్ని చెరువులు పెట్టుకుని, ఇంట్లో రొయ్యల ఇగురు తిని పెరిగిన మనం, ఒకసారి నూనెలో వేయించి మళ్లీ కడాయిలో తిప్పిన ఆ రబ్బరు ముక్కలకి అదనంగా డబ్బులు కట్టడం ఏంటి! గుడ్డు వేయించుకోండి, లేదా చికెన్.

"అజినొమోటో వేయకండి" అని గట్టిగా చెప్పేవాళ్లు ఉంటారు. చెప్పండి, తప్పు లేదు. కానీ వాడే సాసుల్లో చాలావాటిలో అది ముందే ఉంటుంది. 1908లో జపాన్‌లో ఇకెడా అనే శాస్త్రవేత్త సముద్రపు నాచు రసంలోంచి పట్టుకున్న రుచి అది, ఆ మరుసటి ఏడాదే అమ్మకానికి వచ్చింది. నన్నడిగితే అసలు చూసుకోవాల్సింది ఉప్పు. సోయా సాస్ నిండా ఉప్పే, దాని సంగతి ఇప్పుడు చెబుతాను.

అసలు పని: గ్రేవీ

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. మిగతావి మీకు తోచినట్టు చేసినా ఫర్వాలేదు, ఇది తప్పితే పెట్టిన డబ్బులు పోయినట్టే.

మనది అన్నం కలుపుకునే చెయ్యి. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో తయారై 1982లో వచ్చిన స్వర్ణ రకం వరి మన పొలాల్ని ఏలింది, ఆ అన్నంలోకి పప్పూ పులుసూ కలుపుకునే మనం ఇంతవాళ్లమయ్యాం. ప్లేట్లో అన్నం కనపడగానే పక్కనున్నది పోసి కలపాలని చెయ్యి లాగుతుంది. ఇంట్లో అది కరెక్టే. వేడన్నంలో రుచి ఉండదు, రుచి పులుసులో ఉంటుంది, కాబట్టి రెండూ కలవాలి.

ఫ్రైడ్ రైస్ అలాంటిది కాదు. వండిన అన్నాన్ని చల్లారబెట్టి, వీలైతే ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, మెతుకు గట్టిపడ్డాక కడాయిలో వేస్తారు. వేడివేడి అన్నం వేస్తే ముద్దయిపోతుంది కాబట్టి ఇంత తిప్పలు. ప్లేటు రాగానే ఒక్కసారి దగ్గరగా చూడండి. మెతుకు మెతుక్కీ పల్చగా నూనె పట్టి ఉంటుంది, అక్కడక్కడ సోయా తగిలి గోధుమరంగు మరకలుంటాయి, క్యాబేజీ తురుము అంచులు కొద్దిగా మాడి ఉంటాయి, ఉల్లికాడ ముక్క ఇంకా పచ్చగానే ఉంటుంది. దానికి ఉప్పూ కారం అన్నీ కడాయిలోనే పడ్డాయి. అది పూర్తయిన వంట, పైన ఇంకేమీ అక్కర్లేదు.

ఇప్పుడు దీని మీద గ్రేవీ గుమ్మరిస్తే ఏమవుతుంది? గ్రేవీ చిక్కగా కనపడేది కార్న్‌ఫ్లోర్ వల్ల. ఆ జిగురు మెతుకుల మధ్యకి దూరి అన్నిటినీ అతికిస్తుంది. పొడిగా ఉండటానికి మాస్టర్ పడ్డ కష్టం అర నిమిషంలో పోతుంది. పైగా అన్నంలో సోయా, గ్రేవీలో కూడా సోయా, రెండు ఉప్పులూ ఒకే ముద్దలోకి వస్తాయి. "ఉప్పెక్కువైంది" అని కౌంటర్ దగ్గరికెళ్లి గొడవ పెట్టుకునేవాళ్లలో సగం మంది కథ ఇదే అని నా గట్టి నమ్మకం.

కాబట్టి ఎలా తినాలంటే, మొదటి నాలుగైదు స్పూన్లు ఉత్త అన్నమే తినండి. సాస్ సీసా ముట్టుకోవద్దు. ఆ తర్వాత మంచూరియా ముక్క ఒకటి ప్లేటు అంచున పెట్టుకుని స్పూన్‌తో రెండుగా కోయండి, సగం ముక్క నోట్లోకి, వెంటనే ఒక స్పూను అన్నం. కలవాల్సింది నోట్లో, ప్లేట్లో కాదు. గ్రేవీ ఉంటే స్పూను అంచుకి కొద్దిగా తగిలించుకోండి, అంతే. వెనిగర్‌లో నానిన పచ్చిమిరపకాయ ముక్కలు ఇస్తే మధ్యలో ఒకటి నంజుకోండి, నూనె వెగటు పోతుంది.

ఇంకో జాగ్రత్త. గ్రేవీ గిన్నె అందరికీ ఒకటే ఉంటే దానికి వేరే స్పూను పెట్టండి. ఎంగిలి స్పూను ముంచితే పిల్లలకి జలుబులు అంటుకోవడం ఒక సంగతి, గ్రేవీ కూడా పాడవుతుంది. మన లాలాజలంలో పిండిని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, అది కార్న్‌ఫ్లోర్ మీద పని మొదలెడుతుంది. తినడం సగం అయ్యేసరికి గ్రేవీ నీళ్లలా పల్చబడి, ముక్కలు అడుగుకి చేరిపోతాయి. "ఇందాక చిక్కగానే ఉందే" అని గిన్నెలోకి తొంగిచూస్తారు గానీ కారణం ఎవరికీ తట్టదు.

మా బావగారు ఒకాయన ఉన్నారు, కోనసీమ మనిషి, ఎంత చెప్పినా వినరు. "ఆయ్, ఎలా తింటే ఏంటండీ, కడుపులోకెళ్లాక అన్నీ కలిసిపోయేవేగా" అంటారు. అయితే ఆ ఐస్‌క్రీం కూడా అందులోనే వేసుకోండి బావగారూ అన్నాను. నవ్వేసి మళ్లీ కలుపుకున్నారు.

ఆయన దగ్గర ఇంకో వాదన ఉంది, అది మాత్రం కాస్త బలమైనదే. అసలు మంచూరియా చైనా వంటే కాదు కదా, మనవాళ్ల కోసం పుట్టిందే కదా, మన పద్ధతిలో తింటే తప్పేంటి అంటారు. నిజమే. చైనీస్ రుచులు మన దేశంలో పాతుకుపోయింది కలకత్తాలో స్థిరపడ్డ చైనా వాళ్ల వల్ల, అందులో హక్కా వాళ్ల పేరే నూడుల్స్‌కి నిలిచింది. మంచూరియా సంగతికొస్తే, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ చేశారని చెబుతారు. అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలాకి బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేశారట. అంటే సగం మన కూరే. సరే, కూరలాగే కలుపుకుని తినాలని ఉంటే వైట్ రైస్ చెప్పండి, గ్రేవీ మంచూరియా చెప్పండి, హాయిగా చేత్తో కలుపుకుని తినండి, నేనేమీ అనను. ఫ్రైడ్ రైస్‌ని మాత్రం వదిలేయండి.

నూడుల్స్

రాగానే ఫోర్కుతో అడుగు నుంచి ఒకసారి పైకి లేపి విడదీయండి. ముందు నూడుల్స్, తర్వాతే అన్నం, ఎందుకంటే అన్నం కాసేపు ఆగుతుంది, నూడుల్స్ ఆగవు. ఫోటోలు తీసుకునేవాళ్లు అన్నం ప్లేటుని తీసుకోండి. చాప్‌స్టిక్స్ ఇస్తే పిల్లలకివ్వండి, ఆడుకుంటారు. పూర్తిగా పొడుగ్గా జుర్రుకోవాలా కొరుక్కోవాలా అనేది మీ ఇష్టం, తెల్ల చొక్కా మాత్రం వద్దు.

మిగిలితే

నూడుల్స్ పార్సిల్ కట్టించొద్దు. అన్నం కట్టించుకోవచ్చు, కానీ ఇంటికి దగ్గరైతేనే. రాజమండ్రిలో తిని, ఆ తర్వాత సినిమా చూసి, అమలాపురం బస్సెక్కి, పొట్లం ఒళ్లో పెట్టుకుని అర్ధరాత్రి ఇంటికి చేరి, పొద్దున్న పిల్లలకి టిఫిన్ కింద పెడతామంటే కుదరదు. వండిన అన్నం బయట గంటలు గంటలు ఉంటే అందులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషం వదులుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టగలిగితే సరే, లేకపోతే అక్కడే తినేయండి, లేదా వదిలేయండి.

చేతులు కడుక్కుని వచ్చేటప్పుడు కార్డులో మిగిలింది ఎంతో చూసి వెనక్కి తీసుకోండి. మళ్లీ వచ్చినప్పుడు వాడుకుందాంలే అని పర్సులో పెడితే ఆ కార్డు మళ్లీ దొరకదు.