బంగారం కుదువ పెట్టేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

జూన్‌లో బడి ఫీజులు కట్టమంటారు. చిత్తూరు వైపు తోటలున్న వాళ్లకు మామిడి డబ్బు అప్పటికి చేతికి రాదు. అప్పుడు బీరువాలోని నగే దిక్కు. నగ కుదువ పెట్టడం తప్పేం కాదు, కానీ తాకట్టు చీటీ చదవకుండా సంతకం పెట్టకూడదు.

ముందు ఇంట్లోనే నగకు రెండు వైపులా ఫోటో తీసుకోండి. తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించండి. రాళ్లకు, లక్కకు అప్పు పుట్టదు. 24 గ్రాముల నెక్లెస్‌లో అవి 3 గ్రాములుంటే లెక్క 21 గ్రాములకే.

తర్వాత వడ్డీ. 'నూటికి రెండు రూపాయలే' అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000 అవుతుంది. బ్యాంకువాళ్లు చెప్పేది ఏడాది వడ్డీ. రెండూ ఏడాది లెక్కలోకి తెచ్చి పోల్చుకోండి. నేనైతే ముందు బ్యాంకుకే వెళ్లమంటాను. తాకట్టు దుకాణమే గతి అయితే లైసెన్సు ఉందో లేదో చూడండి.

తూకం మీ కళ్లెదుటే వేయాలి. చీటీలో మొత్తం బరువు, రాళ్లు పోను నికర బరువు, క్యారెట్, వడ్డీ, గడువు అన్నీ ఉండాలి. మా అమ్మ ఒకసారి ఒక దుకాణంలో గాజులు పెట్టింది. చీటీలో 'గాజులు 2' అని తప్ప ఇంకేం లేదు. విడిపించాక ఒకటి తేలికైనట్టు అనిపించింది. అడుగుదామంటే ఆధారం ఏది? ఆ రాత్రి రెండు గాజులూ రెండు అరచేతుల్లో పెట్టుకుని ఎంతసేపు చూసిందో.

రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు 2026 ఏప్రిల్ 1 నుంచి వాటిని పాటించి తీరాలి. ఇంటి ఖర్చులకు తీసుకునే అప్పు 2.5 లక్షల లోపైతే నగ విలువలో 85 శాతం వరకు, 5 లక్షల వరకు 80, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. ఇస్తున్నారు కదా అని మొత్తం తీసుకోకండి, ఫీజుకు ఎంత కావాలో అంతే తీసుకోండి.

అసలూ వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే అప్పుకు గడువు 12 నెలలు మించదు. పాలు పోసిన డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కట్టుకుంటూ పోతే టెన్షన్ ఉండదు. ఫోన్ నంబరు మారితే వెంటనే చెప్పండి, వేలానికి ముందు పంపే నోటీసు మీకు అందాలి. వేలంలో బాకీ పోను మిగిలింది మీకే ఇవ్వాలి.

బాకీ తీరాక బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ వాళ్లు నగను అదే రోజు, లేదంటే 7 పనిదినాల్లో ఇచ్చేయాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం అడగొచ్చు. నగ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే మళ్లీ తూకం వేయించి, చీటీతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.