ఇయర్‌ఫోన్స్ బాగోలేదంటున్నారా? ముందు రబ్బర్లు మార్చి చూడండి

దసరాకి గుణుపురం నుంచి మా మేనల్లుడు రాయగడ వచ్చాడు. కొత్తగా వైరున్న ఇయర్‌ఫోన్స్ కొనుక్కున్నాడు, అదే చెవి లోపలికి దూర్చే రకం. చెప్పులు విప్పుతూనే అవి నా చేతిలో పెట్టి "మావయ్యా, ఇందులో బేస్ ఏటీ లేదు, డబ్బులు దండగైపోనాయి" అన్నాడు. పెట్టె తెరిచి చూస్తే చివర తొడిగే రబ్బర్లు మూడు సైజులవి ఇచ్చారు, అందులో రెండు సైజులు కవరు కూడా విప్పలేదు. పెద్ద సైజు తగిలించి, ఎలా పెట్టుకోవాలో చూపించి, అదే పాట మళ్లీ వేశాను. డప్పు మొదలయ్యేసరికి మాట్లాడటం ఆపేశాడు.

వాణ్ని అనడానికేం లేదు. నేనూ ఇలాగే రెండు జతలు బాగోలేవని సగం ధరకి అమ్ముకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండింటికీ ఏ జబ్బూ లేదు, నా ఎడమ చెవికి సరిపడే రబ్బరు పెట్టలేదంతే.

ఇందులో ఉన్న సంగతి ఏమిటంటే, ఈ రకం ఇయర్‌ఫోన్‌లో స్పీకరు చాలా చిన్నది. చెవి కాలువలో రబ్బరుకీ కర్ణభేరికీ మధ్య ఇరుక్కున్న కాస్త గాలినే అది ముందుకీ వెనక్కీ నెడుతుంది. ఆ గాలి బయటికి పోకుండా మూసుకుని ఉంటేనే డోలు, తబలా డగ్గా, బేస్ గిటార్ లాంటి లోతు శబ్దాలు కర్ణభేరి దాకా చేరతాయి. సైకిల్ పంపు వాల్వు దగ్గర సరిగా పట్టకపోతే ఎంత కొట్టినా ట్యూబులో గాలి నిలవదు కదా, ఇదీ అంతే. తమాషా ఏమిటంటే లీకైనప్పుడు పోయేది బేస్ ఒక్కటే, తాళాలూ గొంతూ అలాగే వినిపిస్తాయి, అందుకే శబ్దం పల్చగా, గీసుకుపోతున్నట్టు ఉంటుంది. మనమేమో బేస్ కోసం వాల్యూమ్ పెంచుతాం, పెరిగేది ఆ గీసుకుపోవడమే.

ఏ సైజు? కంపెనీవాళ్లు మధ్య సైజు తగిలించి పంపుతారు, అది మీకు సరిపోవాలని ఎక్కడా లేదు. మూడూ పెట్టి చూడండి, అదీ ఒక్కో చెవికి విడిగా. చాలామందికి రెండు చెవులూ ఒకేలా ఉండవు, కుడికి మధ్యది, ఎడమకి పెద్దది పెట్టుకుంటే నవ్వేవాళ్లెవరూ లేరు. చిన్నదైతే లోపలికి సుఖంగా జారిపోతుంది, హాయిగా ఉంది కదా అనుకుంటాం, చుట్టూ సందులోంచి గాలి పోతూనే ఉంటుంది. అలాగని మరీ పెద్దది కుక్కితే అరగంటకే నొప్పి మొదలవుతుంది. పెట్టుకున్నాక అది ఉందన్న సంగతి పది నిమిషాల్లో మర్చిపోవాలి, అయినా తీసేటప్పుడు కొంచెం పట్టుగా రావాలి.

ఇక పెట్టుకునే పద్ధతి, ఇక్కడే చాలామంది తప్పుతారు. పెద్దవాళ్లలో చెవి కాలువ సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, తిన్నగా ఉండదు, వంపు ఉంటుంది. తిన్నగా తోస్తే రబ్బరు ఆ వంపు గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. అందుకని కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా పోనిచ్చి చెవి పై అంచు పట్టుకుని మెల్లగా పైకీ వెనక్కీ లాగండి, చెవి డాక్టరు లైటు వేసి చూసేటప్పుడు లాగుతారే, అలాగే. కాలువ కాస్త తిన్నబడుతుంది. నోరు కొంచెం తెరిచి, ఇయర్‌ఫోన్‌ని కొద్దిగా తిప్పుతూ లోపలికి పంపి, అప్పుడు చెవి వదిలేయండి. వదిలాక కాలువ దాని చుట్టూ సర్దుకుంటుంది. గబుక్కున నొక్కితే కొన్నింటిలో లోపల చిటుక్కుమంటుంది, గాలి ఒత్తిడికి స్పీకరు లోపలి పల్చటి పొర వంగి చేసే చప్పుడది. మామూలుగా దాంతో ప్రమాదం లేదు, నెమ్మదిగా పెడితే తగ్గిపోతుంది.

సరిగా కూర్చుందో లేదో తెలియాలంటే పాట ఆపి, నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని గొంతు తియ్యండి. మీ గొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు బొంగురుగా, తల లోపలే మోగాలి. ఒకవైపే మోగి రెండోవైపు మామూలుగా ఉంటే ఆ రెండోవైపు లీకవుతోంది. ఇంకొంచెం గట్టిగా పరీక్షించాలనుకుంటే నెట్‌లో 20 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ దాకా పాకే టోన్ దొరుకుతుంది, వాల్యూమ్ తక్కువలో పెట్టి వినండి. ఆ మూలుగు రెండు చెవుల మధ్యలో నిలబడాలి, ఒక పక్కకి జరిగిపోకూడదు. ఆ తర్వాత జంతిక నములుతూ ఒక పాట వినండి, వేళాకోళం కాదు, దవడ కదిలినప్పుడు చెవి కాలువ ఆకారం మారుతుంది, అప్పుడు బేస్ వచ్చిపోతూ ఉంటే ఇంకో సైజు చూడాలి.

వైరు చెవి వెనక నుంచి తిప్పి వేసుకునే మోడళ్లు ఇప్పుడు బాగా వస్తున్నాయి. వాటిని కిందికి వేలాడేసుకుంటే కూర్చోవు. ఎరుపు గుర్తు ఉంటే కుడి, నీలం ఉంటే ఎడమ. వైరు చెవి మీదుగా వెళ్తే ఇంకో లాభం, చొక్కాకి రాసుకున్నప్పుడు వచ్చే దబదబ చాలావరకు చెవిలోకి రాదు. అప్పటికీ వస్తుంటే చిన్న క్లిప్పుతో కాలరుకి బిగించుకోండి.

సిలికాన్‌వి ఏవీ నిలవకపోతే ఫోమ్ రబ్బర్లు చూడండి, స్పాంజిలా ఉంటాయి. వేళ్ల మధ్య నలిపి సన్నం చేసి, చెవిలో పెట్టి, ఒక 20, 30 సెకన్లు వేలితో పట్టుకుంటే లోపల ఉబ్బి కాలువ ఆకారానికి సర్దుకుంటాయి. బయటి చప్పుడు వీటితో బాగా తగ్గుతుంది. కాకపోతే పైస్థాయి శబ్దాల్ని కొంచెం మెత్తబరుస్తాయి, సిలికాన్‌లా కడుక్కోవడానికి కుదరదు, మా కొండల్లో వానాకాలం చెమటకీ తేమకీ తొందరగా పాడవుతాయి. గొడుగు మీద గొడుగు పెట్టినట్టు రెండు మూడు అంచులున్నవీ ఉన్నాయి. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్-4కి మూడంచుల రబ్బర్లు పేరు తెచ్చాయి. అవి చాలా లోతుకి వెళ్తాయి, శబ్దం చక్కగా ఆపుతాయి, నాకు మాత్రం ఒక పాట పూర్తయ్యేదాకా కూడా పడలేదు.

బేస్ వచ్చింది గానీ గాయని "శ, ష, స" అన్నప్పుడల్లా సూదిలా గుచ్చుకుంటోందా? అది లోతు సంగతి కావచ్చు. రబ్బరు చివర నుంచి కర్ణభేరి దాకా ఉన్న దూరాన్ని బట్టి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఎక్కడో ఒక చోట శబ్దం పొంగుతుంది. ఇంకొంచెం లోపలికి వెళ్తే ఆ పొంగు పైకి జరుగుతుంది, చాలాసార్లు గుచ్చుకోవడం తగ్గుతుంది. ఒక సైజు చిన్న రబ్బరు లోతుగానో, సన్నటి రంధ్రమున్న రబ్బరో పెట్టి చూడండి. ఫోన్‌లో బేస్, గొంతు, తాళాల పాళ్లు మార్చే ఈక్వలైజర్ జోలికి ఇదంతా అయ్యాకే వెళ్లాలి, అదీ కావలసింది పెంచడం కన్నా అక్కర్లేనిది తగ్గించడం మేలు. పెంచక తప్పకపోతే పెంచినంతా ప్రీఆంప్‌లో, అంటే అక్కడే మొత్తం శబ్దాన్ని ఒకేసారి మార్చే మీటలో, తగ్గించండి, లేకపోతే శబ్దం చిరిగినట్టు వస్తుంది.

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే రైల్లో ఎప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? సొరంగంలోకి దూరగానే చక్రాల మోత గోడలకి తగిలి తిరిగి మన మీదే పడుతుంది, చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోతుంది. చెవులు పాడయ్యేది ఇలాంటి చోటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, అంతకు మించొద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ శబ్దం శక్తి రెట్టింపవుతుంది, అంటే 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. ఫోన్‌లో ఎన్ని డెసిబెల్స్ వస్తున్నాయో మనకి తెలియదు కాబట్టి నేను చేసేది ఇది: ఇంట్లో ఫ్యాన్ ఆపి, హాయిగా వినిపించే వాల్యూమ్ ఎన్ని గీతలో చూసి పెట్టుకుంటాను, రైల్లో రెండు గీతల కన్నా ఎక్కువ పెంచాల్సి వస్తే పాట ఆపి రబ్బరు సర్దుతాను. తీసేశాక చెవిలో గుయ్యిమంటే ఆ రోజుకి చాలించండి.

వైర్‌లెస్ వాటిలో శబ్దం తగ్గించే ఏఎన్‌సీ ఉంటుంది కదా, రబ్బరు ఎలా ఉన్నా పర్లేదనుకుంటారు. అది రైలు హోరు, ఫ్యాన్ రొద లాంటి ఏకధాటి లోతు శబ్దాల్ని బాగా తగ్గిస్తుంది, పక్క బెర్తులో పిన్నిగారి ఫోన్ కబుర్లని అంతగా ఆపలేదు. అదీ లీకుంటే సరిగా పనిచేయదు. కొన్ని యాప్‌లలో రబ్బరు పరీక్ష ఉంటుంది, చిన్న మ్యూజిక్ వేసి లోపలి మైకుతో విని సరిపోయిందో లేదో చెబుతుంది, ఒకసారి వాడండి. బండి మీదా రైలు గేటు దాటేటప్పుడూ రెండూ తీసేయండి, ఇందులో బేరం లేదు.

ఉన్నట్టుండి ఒకవైపు శబ్దం తగ్గిపోయిందా, రిపేరు షాపుకి పరిగెత్తకండి. రబ్బరు తీసి నాజిల్ (రబ్బరు తొడిగే గొట్టం) మీద జాలీని లైటు కింద చూడండి, మూడొంతులు అక్కడ గుబిలి పట్టి ఉంటుంది. జాలీ నేల వైపు ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో దులపండి. పిన్నుతో పొడవద్దు, నోటితో ఊదొద్దు. సిలికాన్ రబ్బర్లని విడిగా గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి బాగా ఆరబెట్టండి. మా అమ్మకి చెవిలో నూనె వెయ్యడం మీద గొప్ప నమ్మకం, ఎన్ని చెప్పినా వినదు, ఒకసారి ఆ నూనె చెవితోనే నా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని భజన వింది, జాలీ జిడ్డు వదిలించేసరికి నాకు ఆదివారం గడిచిపోయింది. చెవిలో గుబిలి కోసం దూది పుల్లలు దూర్చకండి, లోపలికే నెట్టుకుపోతాయి. దురద, నొప్పి, చీము ఉంటే ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఒకరి రబ్బర్లు ఇంకొకరు పెట్టుకోకండి.

విడిగా రబ్బర్లు కొనాలంటే ముందు మీ నాజిల్ లావు స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోండి. చిన్న ఊళ్లలో షాపువాళ్లు అన్నింటికీ ఒకటే పడుతుందంటారు, వదులైతే ఇయర్‌ఫోన్ బయటికొచ్చి రబ్బరు చెవిలోనే ఉండిపోతుంది. మేనల్లుడికి అలా ఒకసారి అయింది, వాళ్లమ్మ లైటు పట్టుకుంటే నేను మెల్లగా తీశాను.